పార్కు గేటు, జొన్నరొట్టెల పొయ్యి: హైదరాబాద్‌లో ఏది నిలుస్తోంది, ఏది ఆగిపోతోంది

హైదరాబాద్‌లో ఆరోగ్యం పేరుతో జరిగే కార్యక్రమాలకు కొదవ లేదు. చలికాలం మొదలైతే చాలు, ఆదివారం పొద్దున నెక్లెస్ రోడ్డు మీద ఏదో ఒక పరుగు ఉంటుంది. గుండె జబ్బుల అవగాహనకు ఒకటి, క్యాన్సర్‌కు ఒకటి, డ్రగ్స్ వద్దంటూ ఇంకొకటి. టీషర్టు, మెడల్, సెల్ఫీ, ఆపైన టిఫిన్. ఆఫీసుల్లో అడుగుల లెక్కల పోటీలు, అపార్టుమెంట్లలో జుంబా, వాట్సాప్‌లో సిరిధాన్యాల వంటకాలు. ఇంత సందడి ఉన్నా అంకెలు మాత్రం వేరే మాట చెబుతున్నాయి. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య మహిళల్లో 30.1 శాతం, పురుషుల్లో 32.3 శాతం అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. పల్లెల కన్నా పట్టణాల్లో ఈ వాటా ఎక్కువ. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అంచనా చూస్తే, 2022 నాటికి దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మంది చాలినంత శారీరక శ్రమ చేయడం లేదు. ఆడవాళ్లలో అది 57 శాతం, మగవాళ్లలో 42 శాతం. చాలినంత అంటే మరీ పెద్ద లెక్కేం కాదు, వారానికి 150 నిమిషాల చురుకైన నడక. రోజుకు ఇరవై నిమిషాల పైచిలుకు.

ఇరవై నిమిషాలు దొరకని మనుషులు తక్కువే. అయినా ఎందుకు జరగడం లేదంటే బద్ధకం అనేస్తారు. ఆ మాటతో చర్చ అక్కడికి ఆగిపోతుంది, తెలిసేది ఏమీ ఉండదు. ఈ నగరంలో నిలిచిన ప్రయత్నాలనూ నీరుగారిన ప్రయత్నాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే కాస్త పనికొచ్చే సంగతి బయటపడుతుంది. ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగినవి, రోజూ అదే వేళకు మన కోసం ఎదురుచూసే మనుషులున్నవి నిలిచాయి. బండి తీసి, పార్కింగ్ వెతుక్కుని వెళ్లాల్సినవి ఒకటి రెండు సీజన్లు వెలిగి ఆగిపోయాయి. తిండి విషయంలో కూడా దాదాపు ఇదే కథ.

వాకర్స్ అసోసియేషన్ల సంగతి తీసుకుందాం. వీటి గురించి ఎవరూ పెద్దగా రాయరు, ఎందుకంటే వీటిలో కొత్తదనం ఏమీ లేదు. ఇందిరా పార్కు, యూసుఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కు, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్, సంజీవయ్య పార్కు, ఉస్మానియా క్యాంపస్, కొండాపూర్ బొటానికల్ గార్డెన్, ఇలా ఎక్కడ నాలుగు చెట్లు, ఒక బాట ఉంటే అక్కడ తెల్లారేసరికి ఒక గుంపు తయారవుతుంది. నామమాత్రపు చందా, ఒక వాట్సాప్ గ్రూపు, అప్పుడప్పుడు బీపీ, షుగర్ టెస్టుల క్యాంపు, ఎవరి పుట్టినరోజైనా అందరికీ ఇడ్లీలు. రిటైరైన బ్యాంకు మేనేజరు, కిరాణా షాపు యజమాని, హైకోర్టు వకీలు ఒకే బెంచీ మీద కూర్చుని రాజకీయాలు మాట్లాడుకుంటారు. నడక కన్నా ముచ్చట్లే ఎక్కువని ఇంట్లోవాళ్లు ఎగతాళి చేస్తారు కూడా. నిజమే కావచ్చు. కానీ ఆ ముచ్చట్లే మనిషిని మళ్లీ మర్నాడు పొద్దున లేపుతున్నాయి. వరసగా మూడు రోజులు రాకపోతే ఫోన్ వస్తుంది: "ఏమైంది సార్, కనిపిస్తలేరు?" చేతికి కట్టుకున్న వాచీ ఎన్నిసార్లు మోగినా ఆ ఒక్క ఫోన్‌కు సాటి రాదు. వాచీకి అబద్ధం చెప్పనక్కర్లేదు, చూడకుండా ఉంటే సరిపోతుంది. మనిషికి మాత్రం ఏదో ఒక జవాబు చెప్పాలి.

ఈ సంఘాలకు లోపాలూ ఉన్నాయి. చాలాచోట్ల ఇవి యాభై దాటిన మగవాళ్ల క్లబ్బులు. ఎన్నికలొస్తే నాయకులు ట్రాక్‌సూట్ వేసుకుని ఇక్కడికే వస్తారు, వంద ఓట్లు ఒకేచోట దొరుకుతాయి కదా. ఒక్కోసారి అసోసియేషన్‌లో రెండు వర్గాలై, ఒకే పార్కులో రెండు బ్యానర్లు వెలుస్తాయి. అయినా ఈ నగరంలో బహిరంగ స్థలాలను కాపాడే పనిలో వాకర్లు చేసినంత కొద్దిమందే చేశారు. సుమారు 390 ఎకరాల కేబీఆర్ పార్కుకు 1998లో జాతీయ ఉద్యానం హోదా వచ్చింది. 2016లో దాని చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు తీసేయాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు రోడ్డెక్కినవాళ్లలో రోజూ అక్కడ నడిచేవాళ్లు ముందున్నారు. వ్యవహారం పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఇప్పుడు పార్కు చుట్టూ ఉన్న ఆరు జంక్షన్లలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు కట్టే ప్రణాళికతో ఆ వివాదం మళ్లీ మొదటికొచ్చింది. రోజూ ఒక బాట మీద నడిచే మనిషికి ఆ బాట పక్క చెట్టు ఏదో తెలుస్తుంది, దాని మీద గుర్తు వేస్తే కనిపిస్తుంది. కారులో వెళ్లేవాడికి కనిపించదు.

ఒక సందేహం న్యాయమైనదే. ఇంతమంది ఇన్నేళ్లుగా నడుస్తుంటే బరువులు ఎందుకు తగ్గడం లేదు? ఐదు కిలోమీటర్లు నడిస్తే సగటు మనిషికి ఖర్చయ్యేది సుమారు 250 కేలరీలు. పార్కు నుంచి తిన్నగా టిఫిన్ సెంటర్‌కు వెళ్లి నెయ్యి కారం దోశ లాగిస్తే లెక్క అక్కడికక్కడే సరి, పైన ఇరానీ చాయ్ బోనస్. అలాగని నడక దండగ కాదు. బరువు తగ్గకపోయినా నడిచేవాళ్లకు బీపీ, షుగర్ అదుపులో ఉంటాయి, నిద్ర పడుతుంది, కీళ్లు బిగుసుకుపోవు. పెద్ద వయసులో ఒంటరితనం తగ్గడం వీటన్నిటికన్నా చిన్న లాభమేం కాదు. నడకను బరువు తగ్గే మందుగా అమ్మడం వల్లే చాలామంది రెండు నెలలకు కాటా ఎక్కి, ముల్లు కదల్లేదని మానేస్తున్నారు.

ఇక పరుగులు, సైకిళ్లు. హైదరాబాద్ రన్నర్స్ సొసైటీ 2007లో మొదలైంది. ఏటా ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు ఇరవై వేల మందికి పైగా వస్తున్నారు. ఫ్లైఓవర్లు ఎక్కి దిగుతూ, ఆగస్టు ఉక్కలో 42 కిలోమీటర్లు పరుగెత్తడం దేశంలోని కష్టమైన మారథాన్లలో ఒకటని పరుగు మీద మోజున్నవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. కానీ ఆ ఒక్క ఆదివారం కన్నా, దానికి ముందు నెలల తరబడి పేటపేటకూ జరిగే శిక్షణ పరుగులదే అసలు విలువ. ఎప్పుడూ పరుగెత్తని మనిషి నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలుపెట్టి కొన్ని వారాల్లో ఐదు కిలోమీటర్లకు చేరతాడు. పక్కన ఇంకో పదిమంది అలాంటి కొత్తవాళ్లే ఉంటారు కాబట్టి సిగ్గుండదు. నెక్లెస్ రోడ్డు మీద ఒక్కరోజు టీషర్టుల పరుగుకు వచ్చి వెళ్లేవాళ్లకు ఈ లాభం ఉండదు.

సైకిల్ విషయంలో నగరం పెట్టిన పెద్ద ఖర్చు ఔటర్ రింగు రోడ్డు సర్వీసు రోడ్ల వెంట కనిపిస్తుంది. 2023 అక్టోబరు 1న మొదలైన ఆ ట్రాక్ 23 కిలోమీటర్ల పొడవు, మూడు లేన్లు, పైకప్పంతా సోలార్ పలకలు, వాటి సామర్థ్యం 16 మెగావాట్లు. ఎండా వానా తగలకుండా తొక్కవచ్చు. చూడముచ్చటగా ఉంటుంది, విదేశాల నుంచి వచ్చి మరీ చూసి మెచ్చుకునేంత బాగుంది. చిక్కల్లా అది నార్సింగి, కొల్లూరు, నానక్‌రామ్‌గూడ వైపు ఉండటమే. అంబర్‌పేటలోనో సైదాబాద్‌లోనో ఉండే మనిషి అక్కడ సైకిల్ తొక్కాలంటే ముందు సైకిల్‌ను కారుకు తగిలించాలి. కూరగాయలకు, ట్యూషన్‌కు, మెట్రో స్టేషన్‌కు సైకిల్ మీద వెళ్లే వీలు అలాగే లేకుండా ఉంది. వ్యాయామానికి సైకిల్ అనేది ఒక వర్గం అలవాటు. పనికి సైకిల్ అనేది ఒకప్పుడు ఈ ఊరంతటి అలవాటు. ఇప్పటి ప్రయత్నాలన్నీ మొదటిదాన్నే పెంచుతున్నాయి.

రోడ్లనే కొన్ని గంటలపాటు జనానికి వదిలేసే ప్రయోగాలూ జరిగాయి. గుర్గావ్‌లో మొదలైన రాహగిరి 2015లో హైటెక్ సిటీకి వచ్చింది. అదే ఏడాది ఐటీ కారిడార్‌లో గురువారాలు కార్లు మానేద్దామన్న పిలుపూ వచ్చింది. రెండూ కొన్నాళ్లకు సద్దుమణిగాయి. 2021 ఆగస్టులో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు బండ్లు ఆపేసి సండే ఫండే పెట్టినప్పుడు నగరం కదిలి వచ్చింది. పిల్లలు రోడ్డు మధ్యలో పరుగెత్తడం చూసి పెద్దవాళ్లు ముచ్చటపడ్డారు. అయితే కొద్ది వారాల్లోనే అది తినుబండారాల తిరునాళ్ల అయింది. ఆ తర్వాత అడపాదడపా మాత్రమే జరిగింది. ట్యాంక్‌బండ్ దాకా రావడానికి చాలామంది బండ్లే వాడారన్నది ఇందులో చిన్న హాస్యం.

తిండి విషయానికొస్తే, ఈ నగరంలో అందరికన్నా ఎక్కువ మార్పు తెచ్చినవాళ్లు బహుశా ఏ ఆరోగ్య ప్రచారంలోనూ కనిపించరు. సాయంత్రం ఆరు దాటాక కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్, చిక్కడపల్లి, ఈసీఐఎల్ వంటి చోట్ల రోడ్డు వారన పొయ్యిలు వెలుగుతాయి. ఒక్కో పొయ్యి ముందు ఒక ఆడమనిషి, పక్కన పిండి కలిపి ఇచ్చే కూతురో కోడలో. వేడినీళ్లతో కలిపిన జొన్నపిండి ముద్దను అరచేత్తో గట్టిగా మెదిపి, పీట మీద పొడిపిండి చల్లి, తడుతూ తిప్పుతుంటే రొట్టె దానంతటదే గుండ్రంగా విచ్చుకున్నట్టు పెద్దదవుతుంది. పెనం మీద వేయగానే పైవైపు తడిగుడ్డతో నీళ్లు అద్దుతారు. ఆ తడి ఆరీ ఆరకముందే తిరగేస్తారు. చివరికి నిప్పుల సెగకు చూపిస్తే పొంగుతుంది. ఆ లయ తప్పకుండా గంటకు పదుల కొద్దీ రొట్టెలు దిగుతాయి. ఒక్కోటి పదిహేను నుంచి పాతిక రూపాయల దాకా. కొనేవాళ్లు స్కూటర్ దిగకుండానే "నాలుగు కట్టు అక్కా" అంటారు. పల్లీల కారంపొడి అడిగితే ఇస్తారు, కొన్నిచోట్ల పుంటికూర (గోంగూర) పప్పు కూడా ఉంటుంది. పాత పేపర్లో చుట్టి ఇవ్వడం ఒక్కటే బాగోని సంగతి. అచ్చు సిరా తిండికి అంటుకుంటుందని ఆహార భద్రత సంస్థ ఎప్పటి నుంచో హెచ్చరిస్తోంది.

ఈ రొట్టె ఇంట్లోనే చేసుకోవచ్చు కదా అనుకోవచ్చు. చేసి చూస్తే తెలుస్తుంది. గోధుమలో ఉండే గ్లూటెన్ జొన్నలో లేదు, అందుకని పిండి చపాతీ పిండిలా సాగదు. వేడినీళ్లకు పిండిలోని గంజి పదార్థం కొంత ఉడికి జిగురు పడితేనే రొట్టె నిలుస్తుంది. మర పట్టించి చాలా రోజులైన పిండితో చేస్తే అంచులు పగులుతాయి. ఇది చేతికి అలవాటు కావాల్సిన పని. తెలంగాణ పల్లెల్లో రెండు మూడు తరాల కింద దాదాపు ప్రతి ఇంట్లో ఆ చేయి ఉండేది. పొద్దున అంబలి, మధ్యాహ్నం జొన్నరవ్వ ఉడికించిన గట్క, రాత్రి రొట్టె. అన్నం పండుగనాడో చుట్టాలొచ్చినప్పుడో. బోరుబావులు, కాలువలు వచ్చి వరి పెరిగింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చాక పేదింటి కంచంలోకి తెల్లన్నం రోజూ వచ్చింది. ఆకలి తీరింది, ఆ మేలును తక్కువ చేయడానికి లేదు. దాంతో పాటే జొన్న పొలమూ, రొట్టె తట్టే చేయీ వెనక్కి పోయాయి. ఇప్పుడు డాక్టరు షుగర్ ఉందని చెప్పి రాత్రిపూట అన్నం మానమంటే, నగరంలో ఇంటికి ఆనుకుని ఉన్న దారి ఆ పొయ్యే. ఏ పథకమూ లేకుండా, సబ్సిడీ లేకుండా, అవగాహన సదస్సు లేకుండా వేల ఇళ్ల రాత్రి భోజనం మారిందంటే కారణం, ఆఫీసు నుంచి ఇంటికొచ్చే తోవలో అది దొరకడమే.

చిరుధాన్యాల మీద సంస్థల స్థాయిలో జరిగిన పని కూడా తక్కువేం కాదు. రాజేంద్రనగర్‌లో ఒకప్పుడు జొన్న పరిశోధనకే పరిమితమైన కేంద్రం ఇప్పుడు భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన వేళ కేంద్ర బడ్జెట్ దాన్ని ఎక్సలెన్స్ సెంటర్‌గా చేస్తామంది. నగరానికి వంద కిలోమీటర్ల దూరంలో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దళిత మహిళల సంఘాలు ఎవరూ పట్టించుకోని రోజుల్లోనే జొన్న, కొర్ర, సామ విత్తనాలను కాపాడాయి. ఆ మహిళలకు 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ దక్కింది. మైసూరులో ఉండే చిరుధాన్యాల ప్రచారకుడు డాక్టర్ ఖాదర్ వలీ ఉపన్యాసాలు యూట్యూబ్‌లో తెలుగు ఇళ్లలోకి వచ్చాక కొర్రలు, అండుకొర్రలు, సామలు, అరికెలు, ఊదలు అన్న పేర్లు మళ్లీ నోళ్లలో నానాయి. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. దేవుడి ప్రసాదంలా ఏ రోగానికి ఏ ధాన్యమని పట్టికలు వాట్సాప్‌లో తిరగడం మాత్రం వేరే సంగతి, వాటిని నమ్మి మందులు ఆపేయడం ప్రమాదం.

అంకెలు చూస్తే మోజు కొంత దిగుతుంది. జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నలో సుమారు 334 కేలరీలు, పాలిష్ బియ్యంలో 356. తేడా పెద్దగా లేదు. తేడా అంతా పీచులో ఉంది: జొన్నలో 10 గ్రాములకు పైగా, బియ్యంలో మూడు గ్రాముల లోపు. అందుకే రెండు రొట్టెలకు కడుపు నిండుతుంది, అన్నం మారుకు మారు పోతుంది. ఐదు రొట్టెలు తింటే మాత్రం ఆ లాభం ఉండదు. పార్కు గేటు దగ్గర అమ్మే రాగిజావ సంగతీ ఇంతే. రాగిలో 100 గ్రాములకు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, అది గొప్పే. కానీ మెత్తగా పట్టించి, బాగా ఉడికించి, బెల్లం కలిపి తాగితే షుగర్ చకచకా పెరుగుతుంది. ఇక సూపర్‌మార్కెట్లో మిల్లెట్ బిస్కెట్, మిల్లెట్ నూడుల్స్ ప్యాకెట్ వెనక్కి తిప్పి చదివితే చాలావాటిలో ముందు మైదాయో గోధుమపిండో ఉంటుంది, పేరున్న ధాన్యం తర్వాతెక్కడో ఉంటుంది.

ధర మరో అడ్డు. కొర్రలు, సామలు నగరంలో కిలో వంద రూపాయలకు అటూ ఇటూగా ఉంటాయి. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్ కార్డు ఉన్న ప్రతి మనిషికి నెలకు ఆరు కిలోల సన్నబియ్యం ఉచితం. పేద కుటుంబానికి ఇది పెద్ద ఊరట, దొడ్డు బియ్యం అమ్ముకుని సన్నబియ్యం కొనుక్కునే తిప్పలు తప్పాయి. కానీ ఒక చేత్తో ఉచితంగా తెల్లన్నం పెడుతూ, ఇంకో చేత్తో చిరుధాన్యాలు తినమని పోస్టర్లు అంటిస్తే బస్తీలో ఏది గెలుస్తుందో చెప్పనక్కర్లేదు. ఆరు కిలోల్లో ఒక కిలో అయినా జొన్నలు ఇస్తే పాత మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల రైతుకూ మార్కెట్ దొరుకుతుందన్న వాదనలో పస ఉంది. దాన్ని గట్టిగా అడిగే గొంతు నగరంలో మాత్రం వినిపించదు.

నిజానికి మన కంచంలో పెద్ద లోటు ధాన్యంలో లేదు, కూరల్లో ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఈ నగరానికి 1958లో వచ్చింది. ఉస్మానియా క్యాంపస్ పక్కనే ఉన్నా నగరవాసుల్లో చాలామందికి దాని సలహాలు చేరవు. 2024 మేలో అది వెలువరించిన 17 సూత్రాల ఆహార మార్గదర్శకాల్లో ఒక రోజు కంచం ఎలా ఉండాలో లెక్క ఉంది. కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్డు, మాంసం 85 గ్రాములు, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు. అంటే కంచంలో సగం కూరలూ పండ్లే. దేశంలో మొత్తం రోగభారంలో 56.4 శాతానికి సరిగా లేని తిండే కారణమని కూడా అందులోనే అంచనా వేశారు. నలుగురున్న ఇంటికి ఈ లెక్కన రోజుకు కిలోన్నర పైన కూరగాయలు కావాలి. మన ఇళ్లలో పావుకిలో బెండకాయలు వేపుడు చేసి నలుగురూ అన్నంలో నంజుకుంటారు. పప్పులో రెండు కట్టల పాలకూర వేస్తే ఆ పూట ఆకుకూర తిన్నట్టే. పక్కన ఆవకాయ, అప్పడం, చారు కలిస్తే రోజుకు 5 గ్రాములు దాటొద్దన్న ఉప్పు ఒక్క పూటకే పూర్తవుతుంది.

ఇక్కడా దగ్గరితనమే పనిచేస్తోంది. 1999లో మొదలైన రైతుబజార్లు ఎర్రగడ్డ, మెహదీపట్నం, ఫలక్‌నుమా, కూకట్‌పల్లి, వనస్థలిపురం చుట్టుపక్కల వాళ్లను కూరగాయలు సంచుల కొద్దీ కొనేలా చేశాయి. కొత్తగా పెరిగిన శివార్లలో అవి అంత దగ్గర్లో లేవు. ఆ లోటు కొంత పూడ్చుతున్నవి మిద్దెతోటలు. పాత టబ్బులు, పెయింట్ డబ్బాలు, కొబ్బరిపీచు, వంటింటి చెత్తతో చేసిన ఎరువు. వారాంతాల్లో విత్తనాలు ఇచ్చిపుచ్చుకునే గ్రూపులు, ఉద్యాన శాఖ ఇచ్చే శిక్షణ. మిద్దె మీద నాలుగు టబ్బుల్లో పండే తోటకూర, గోంగూర, బచ్చలి ఇంటి అవసరం మొత్తం తీర్చవు. అయితే కోసిన కూర వాడిపోకముందే వండాలి కాబట్టి వారానికి ఒకసారి తినే ఆకుకూర నాలుగు సార్లు అవుతుంది. పైగా బకెట్లతో నీళ్లు మోయడం, వంగి లేవడం జిమ్ముకు పోకుండానే జరిగే కసరత్తు.

ఇవన్నీ ఎవరికి అందుతున్నాయన్న ప్రశ్న దగ్గర నగరం రెండుగా చీలుతుంది. పొద్దున ఐదున్నరకు పార్కుకు వెళ్లాలంటే ఆ వేళకు ఇంట్లో పని ఇంకొకరు చూడాలి. పిల్లల బాక్సులు, భర్త టిఫిన్, నీళ్ల ట్యాంకరు వచ్చే టైము, అన్నీ సరిగ్గా అదే గంటలో ఉంటాయి. అందుకే చాలా కాలనీల్లో ఆడవాళ్ల నడక రాత్రి తొమ్మిది తర్వాత, అంట్లు తోమాక, అపార్టుమెంటు సెల్లార్‌లో కార్ల మధ్య సాగుతుంది. పిల్లర్ల చుట్టూ నలుగురు ఐదుగురు జతగా తిరుగుతూ మాట్లాడుకుంటారు. బయట వీధిలో ఎందుకు నడవరంటే దీపాలు లేవు, ఫుట్‌పాత్ లేదు, కుక్కల భయం. మరోవైపు బతుకమ్మ తొమ్మిది రోజులూ ఇదే ఆడవాళ్లు గంటల తరబడి వంగుతూ, లేస్తూ, చప్పట్లు కొడుతూ చుట్టూ తిరుగుతారు. ఎవరూ దాన్ని వ్యాయామం అనరు, ఎవరికీ అలుపూ రాదు. ఆ రోజుల నైవేద్యాలు కూడా నువ్వులు, పల్లీలు, సత్తుపిండి, మలీద. కొన్ని కాలనీల్లో ఆ గుంపే పండుగ తర్వాత కూడా సాయంత్రాలు కలిసి నడవడం మొదలుపెట్టింది. జుంబా క్లాసుకు ఫీజు కట్టి మానేసినవాళ్లు కూడా ఇందులో ఉంటారు.

పాతబస్తీలో పార్కులు తక్కువ, గల్లీలు ఇరుకు. అక్కడ ఒంటికి శ్రమ నేర్పిన చోట్లు వేరే ఉన్నాయి: కుస్తీ నేర్పే తాలీంలు, బార్కస్ ఫుట్‌బాల్ మైదానం. అవి కుర్రాళ్లవి, అమ్మాయిలకు దాదాపు చోటు లేదు. ఐటీ కారిడార్‌లో రాత్రి షిఫ్టు చేసేవాళ్లది ఇంకో లోకం. వాళ్లు పని నుంచి వచ్చి నిద్రలేచేసరికి పార్కు పొద్దుటి వేళ ముగిసిపోయి ఉంటుంది, రాత్రి రెండింటికి వాళ్ల ఆకలికి దొరికేది ఫ్రైడ్ రైస్ బండి. బస్తీల్లో కూలి పనికి వెళ్లేవాళ్లకు వ్యాయామం చాలడం లేదని చెప్పడం ఎటూ హాస్యాస్పదమే. వాళ్లకు కావాల్సింది అందుబాటులో మంచి తిండి. బీపీ, షుగర్ చూసి మందులిచ్చే పని 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు చేస్తున్నాయి. తిండి వైపు, ఐదు రూపాయల భోజనం పెట్టే మున్సిపల్ క్యాంటీన్లకు 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లని పేరు మార్చి ఐదు రూపాయల టిఫిన్ కూడా మొదలుపెట్టారు. ఆ టిఫిన్ మెనూలో మిల్లెట్ ఇడ్లీ, మిల్లెట్ ఉప్మా ఉన్నాయి. సూపర్‌మార్కెట్ ప్యాకెట్ల కన్నా ఇదే పెద్ద వార్త కావాల్సింది. ఆటో అడ్డా పక్కన, ఆస్పత్రి గేటు ముందు, చేతికందే ధరకు ఆ ధాన్యం రావడం అంతకుముందు జరగలేదు.

మిగిలిన పెద్ద చిక్కు ఫుట్‌పాత్. నడిచేవాళ్లకు అదే కావాలి, రొట్టెల పొయ్యికీ అదే కావాలి. 2022లో ట్రాఫిక్ పోలీసులు ఆక్రమణలు తొలగించే డ్రైవ్ మొదలుపెట్టినప్పటి నుంచి ఇలాంటి దాడి ఎప్పుడు జరిగినా ముందు లేచిపోయేవి ఇటుకల పొయ్యిలు, తోపుడుబండ్లు. షోరూం మెట్లు, ట్రాన్స్‌ఫార్మర్, ఫుట్‌పాత్ మీద పెట్టిన బుల్లెట్ బండి మర్నాటికీ అక్కడే ఉంటాయి. రోడ్డు వెడల్పు చేసే ప్రతిసారీ కోత పడేది కూడా ఫుట్‌పాత్‌కే. 2014 వీధి వ్యాపారుల చట్టం ఎక్కడ బండి పెట్టవచ్చో, ఎక్కడ కూడదో ముందే గీయమంటోంది. ఆ పనిలో సలహా ఇవ్వాల్సిన టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. కాలనీ సంక్షేమ సంఘాలకూ అందులో చోటుంది. వాకర్లూ రొట్టెలు తట్టేవాళ్లూ ఒకే టేబుల్ ముందు కూర్చుని, నాలుగడుగుల బాట ఎవరికెంతో మాట్లాడుకోవడానికి చట్టం చూపించిన చోటు అది.